ఐసు బెజ్జం మీద అతికిన రేకు

నాకూ నా మనవరాలికీ జరిగిన అన్యాయాలు, జరిగిన తిథుల ప్రకారం:

శ్రావణ శుద్ధ దశమి. గుడివాడలో పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీ యజమాని, తన ఆవరణలోని తెల్ల డీజిల్ పికప్పును చూపించి, "ఇది వడ్ల బండి, మరో సరుకు ఎరగదు" అని మాతో చెప్పుట.

అదే రోజు. ఆ మాటకు సాక్ష్యంగా బండి తొట్టి మూలల్లో వడ్ల గింజలు పడి ఉండేటట్లు ఏర్పాటు చేయుట.

శ్రావణ శుద్ధ త్రయోదశి. బండి అడుగున వేసిన నల్ల రంగు తుప్పు రాకుండా వేయించినదని చెప్పుట. వచ్చిన తుప్పు కనబడకుండా వేయించినదని చెప్పకపోవుట.

శ్రావణ బహుళ విదియ. పై మాటల ఫలితంగా నా మనవరాలి మొదటి లోడు గుడివాడ నుంచి తిరిగి వచ్చుట.

శ్రావణ బహుళ షష్ఠి. న్యాయం అడగబోయిన మమ్మల్ని పదిమంది ఎదుట, "వాసన బండిది కాదు, మీది" అనుట.

శ్రావణ బహుళ ఏకాదశి మొదలు నేటి వరకు. ఫోన్ ఎత్తకపోవుట.

ఏ తిథిన మొదలైందో నేను సరిగా గుర్తించలేకపోయిన అన్యాయం మరొకటి ఉంది. నా మనవరాలు ఇల్లు దాటే ముందు తన చున్నీ కొంగు ముక్కు దగ్గర పెట్టుకొని చూసుకోవడం. చివర రాసినా, నా లెక్కలో ఇదే మొదటిది.

తేదీలు వేయకుండా తిథులు వేయడానికి కారణం ఉంది. మాది బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. పోటు ఎప్పుడు హెచ్చు, పాటు ఎప్పుడు హెచ్చు అన్నది మాకు తిథిని బట్టే తెలుస్తుంది. పడవ వెళ్ళేదీ వచ్చేదీ దాన్ని బట్టే. మా ఊరి ఎండుచేపల ఆడవాళ్ళ సంఘానికి నేను చాలా ఏళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. సమావేశాల మినిట్సు పుస్తకంలో ప్రభుత్వం వారి కోసం తేదీ, మా కోసం తిథి, రెండూ రాసేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది మా కోసం.

ఆ సంఘంలో ఉండగా ఇంకొక అలవాటు కూడా పట్టుబడింది. ఎవరు ఏ మాట అంటే ఆ మాటే రాయాలి, దానికి నా మర్యాద పులమకూడదు. కనుక ఇందులో కొన్ని మాటలు మొరటుగా కనబడితే, ఆ మొరటుతనం అన్నవారిది.

నా మనవరాలంటే నా కొడుకు కూతురు. డిగ్రీ పూర్తి చేసింది. వాళ్ళ నాన్న సముద్రం మీద ఉన్న రోజుల్లో ఇంటి ముందు ఊరికే నిలబడి ఉండే ఆటోను తీసి నడపడం నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకొని, బందరులో ఒక తొక్కుడు లడ్డు దుకాణం వారికి పెట్టెలు చేరవేసే పని సంపాదించింది. దుకాణం యజమాని మంచివాడు. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే తరువాత ఆయన అన్న ఒక మాట నన్ను బాధపెట్టింది. అయినా ఆయన మంచివాడే.

ఈ వానాకాలం మొదట్లో ఆయన నా మనవరాలిని పిలిచి, "ఆటోలో జల్లు కొట్టి అట్టపెట్టెలు మెత్తబడిపోతున్నాయమ్మా. మంచి పికప్పు ఒకటి చూసుకొని, పైన గూడు కట్టించుకో. దసరా నుంచి పామర్రు, గుడివాడ, అవనిగడ్డ, మూడు దార్లూ నీకే ఇచ్చేస్తా," అన్నాడు.

ఆ సాయంత్రం ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు నా కొడుకు వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తకుండానే, "చేపలు మొయ్యనని లడ్లు మోస్తావటే! దేని మీదైనా వాలేవి ఈగలే గదే," అన్నాడు.

"లడ్డు మీద వాలితే ఈగని తోలతారు నాన్నా. చేప మీద వాలితే మనల్ని తోలతారు," అంది అది.

నా కొడుకు నవ్వాడు. నేనూ నవ్వాను. మా వంశంలో చేప కాని సరుకు మోసి బతకబోయే మొదటి మనిషి ఈ పిల్ల అని నాకు అప్పుడే తోచింది. అందుకు నాకు గర్వమే కలిగింది. చేపను నేను చిన్నచూపు చూడను. నన్నూ, నా పిల్లలనూ పెంచింది అదే. కాని దారి ఒకటే ఉండటం వేరు, ఉన్న దారుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం వేరు.

బండి కొనడానికి డబ్బు ఎట్లా సమకూరిందన్నది ఇక్కడ అప్రస్తుతం. సమకూరింది. కొత్త బండికి చాలలేదు, పాత బండికి చాలింది.

శ్రావణ శుద్ధ దశమి నాడు మేమిద్దరం గుడివాడ వెళ్ళాం. కన్సల్టెన్సీ యజమాని ఎదురొచ్చి, "రండి పెద్దమ్మగారూ, నీడలో కూర్చోండి. బండి ఎవరికండీ, మనవడికా?" అన్నాడు.

"మనవరాలికి. ఇదిగో, ఈమే."

"అట్టాగా! మరి డ్రైవర్ని పెట్టుకుంటారా?"

"నేనేనండీ డ్రైవర్ని," అంది నా మనవరాలు.

"అయితే చెల్లెమ్మకి మంచి బండే చూపించాలి," అన్నాడు. ఆ రోజు మేము పెద్దమ్మగారు, చెల్లెమ్మ. ఈ పిలుపులు గుర్తుంచుకోవలసిందిగా చదివేవారిని కోరుతున్నాను.

ఆవరణలో మా స్తోమతకు తగినవి మూడు పికప్పులు ఉన్నాయి. నా మనవరాలు ఫోన్‌లో వీడియోలు చూసి, పాత డీజిల్ బండిలో ఏమేం చూడాలో నా చేత వరసగా రాయించింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎట్లా అందుకుంటున్నది, పొగ ఏ రంగులో వస్తున్నది, టైర్లు ఒక పక్కకే అరిగాయా, కమాను కట్టల్లో పట్టీ విరిగిందా, బండి మీద అప్పు మిగిలి ఉందా, ఇటువంటివన్నీ. ఆ కాగితం పట్టుకొని నేను నిలబడ్డాను. అది చూస్తున్నది, నేను గుర్తులు పెడుతున్నాను.

మొదటి బండి బానెట్టు మీద అది అరచెయ్యి ఆనించి, "పొద్దున్నే ఎక్కడికెళ్ళొచ్చిందండీ ఇది?" అంది.

"ఎక్కడికీ లేదమ్మా, ఎండకి వేడెక్కింది."

"ఎండ ఇంకా గోడ దిగలేదు గదండీ."

ఆయన నవ్వేసి రెండో బండి దగ్గరికి నడిచాడు. దాని మీద ఫైనాన్సు అప్పు తీరినట్లు కాగితం లేదు. "వచ్చేస్తదమ్మా, దారిలో ఉంది," అన్నాడు. "దారిలో ఉన్నదాన్ని ఇంటికొచ్చాక చూస్తాం లెండి," అంది నా మనవరాలు. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇరవై మూడేళ్ళ పిల్ల, మొదటిసారి బండి కొంటున్న పిల్ల, బండ్లు అమ్మి నెరిసిన మనిషి చేత రెండుసార్లు మాట మింగించింది.

మా ఊరేదో అడిగి తెలుసుకొని మూడోదాని దగ్గరికి నడిచాడు. అది తెల్ల బండి. "ఇది వడ్ల బండండీ. మొవ్వ రైతుది. పొలం నుంచి మిల్లుకి, మిల్లు నుంచి ఇంటికి. మరో సరుకు ఎరగదు," అన్నాడు. తొట్టి మూలల్లో నాలుగేసి వడ్ల గింజలు కనబడ్డాయి. నేను వంగి ఒక గింజ తీసి గోటితో ఒలిచి చూశాను. మంచి గింజే.

"మేం మోసేది తినే సరుకు. మునుపు ఇందులో ఎరువులు గాని పురుగుమందులు గాని మోశారా?" అని అడిగాను.

"లేదండీ, ఒట్టు. మీరు పిల్లలకి పాలు మోసుకోవచ్చు."

ఎరువు అన్నాను. పురుగుమందు అన్నాను. చేప అన్న మాట నా నోట రాలేదు. వచ్చే అవకాశమే లేదు. సరుకును పాడుచేసే వస్తువుల్లో చేప ఒకటని మా ఇంట్లో ఎవరికైనా ఎందుకు తోస్తుంది?

నా మనవరాలు గోనెపట్టా పరుచుకొని, ఫోన్ లైటు వేసుకొని బండి కిందికి దూరింది. చాలాసేపటికి బయటికి వచ్చి, "నల్ల రంగు కొత్తగా కొట్టించారండీ?" అంది. దానికి ఆయన ఆ రోజు సూటిగా జవాబు చెప్పలేదు. ఈ బండి ఇంజను కూడా అప్పటికే వేడిగా ఉండటం వల్ల ఆ రోజు బేరం తేల్చకుండా వచ్చేశాం. త్రయోదశి నాడు ముందుగా చెప్పకుండా తెల్లవారగానే వెళ్ళాం. చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ తేటగా ఉంది. పామర్రు సెంటరు దాకా వెళ్ళి తిరిగి వచ్చాం. గేర్లు బాగున్నాయి, బ్రేకు బాగుంది. ఇంజను నిజంగానే మంచిది. ఈ వాక్యం నా ఫిర్యాదుకు బలం తగ్గిస్తుందని తెలిసీ రాస్తున్నాను. రంగు సంగతి మళ్ళీ అడిగితే, "తుప్పు రాకుండా కొట్టించామండీ. సముద్రం గాలి సంగతి మీకు నేను చెప్పాలా?" అన్నాడు. మేము ఒప్పుకున్నాం. సముద్రం గాలి సంగతి మాకు తెలుసు కదా.

ఆ రోజే బండి మా ఇంటికి వచ్చింది. మా ఇంటిల్లిపాదీ అందులో ఎక్కి సముద్రం దాకా వెళ్ళి వచ్చాం. బందరులో గూడు కట్టించాం. తొట్టి కడిగి, పసుపునీళ్ళు చల్లి, కొబ్బరికాయ కొట్టాం.

బహుళ విదియ నాడు మొదటి లోడు. పామర్రు దుకాణంలో పెట్టెలు దించుకున్నారు. గుడివాడ దుకాణంలో గుమాస్తా ఒక పెట్టె మూత తీసి, మొహం వెనక్కి తిప్పుకొని, "ఏమ్మా, బందరు నుంచి లడ్లు పంపించారా, రొయ్యపప్పు పంపించారా?" అన్నాడట. పెట్టెలన్నీ తిరిగి ఎక్కించారు. సాయంత్రానికి పామర్రు నుంచి కూడా ఫోన్ వచ్చింది.

లడ్డు దుకాణం యజమాని మా ఇద్దరినీ రమ్మన్నాడు. తిరిగి వచ్చిన పెట్టెల్లో ఒకటి బల్ల మీద పెట్టి, "ఏమనుకోకండి అమ్మగారూ. మీరే వాసన చూడండి," అన్నాడు.

వంగి చూశాను. నాకు నెయ్యి తగిలింది, దాని వెనకాల బెల్లం, ఆ వెనకాల యాలకులు. "బాగానే ఉందే!" అన్నాను. నా మనవరాలు చూసింది. దానికీ అంతే. "బానే ఉంది గదండీ," అంది, కొంచెం గట్టిగానే.

ఆయన లోపలి నుంచి భార్యను పిలిచాడు. ఆమెకు మేమెందుకు వచ్చామో తెలియదు. పెట్టె దగ్గరికి వస్తూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఎవరు తెచ్చారండీ చేపలు?" అంది. అప్పుడు మమ్మల్ని చూసింది. చూసి కొంగు దించేసింది. అట్లా దించడం మర్యాద కోసమని నాకు తెలుసు. అయినా ఆ దించడమే నాకు ఎక్కువ బాధగా ఉండిపోయింది.

మా ఇంట్లో అంతమందిమి ఆ బండిలో కూర్చున్నాం. ఒక్కరికీ తెలియలేదు. మేము పుట్టి, పెరిగి, వండుకొని, తిని, నిద్రపోయేది ఆ వాసనలోనే. దాన్ని విడిగా పసిగట్టే ముక్కు మా ఇంట్లో లేదు. బండ్ల వ్యాపారికి ఈ సంగతి తెలుసునని ఇప్పుడు నేను నమ్ముతున్నాను. ఊరు ఏదని మమ్మల్ని మొదటి రోజునే అడిగాడు. ఊరి పేరు విన్న తరువాతనే మూడో బండి వైపు నడిచాడు.

మరునాడు నా మనవరాలు తొట్టిని సబ్బుపొడి వేసి, చింతపండు వేసి, నిమ్మకాయలు పిండి తోమింది. తోమిన నీళ్ళు వెనక ఎడమ మూలకు చేరి అక్కడే నిలిచిపోయాయి. "మామ్మా, ఇక్కడ బుడగలొస్తున్నాయి, చూడు," అని పిలిచింది. నీళ్ళు తుడిచి చూస్తే అక్కడ టిఫిను పళ్ళెమంత రేకు అతికి ఉంది. చుట్టూ వెల్డింగు చేసి, పైన తొట్టి రంగే వేశారు. నా కొడుకు ఉలి తెచ్చి రేకు లేపాడు. కింద గుండ్రటి బెజ్జం ఉంది. దాని చుట్టూ ఇనుము అప్పడంలా పొరలు పొరలుగా లేచి, చేత్తో తాకితే రాలింది. రేకుకూ తొట్టికీ మధ్య చేప పొలుసులు, ఎండి, గాజు పెచ్చుల్లా అతుక్కొని ఉన్నాయి.

నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అది ఐసు బెజ్జం. చేపలు మోసే ప్రతి బండికీ ఉంటుంది. ఐసు కరిగిన నీరు తొట్టిలో నిలిస్తే అడుగు వరస చేప మెత్తబడిపోతుంది, కనుక నీరు పోవడానికి బెజ్జం కోస్తారు. రోడ్డు మధ్యన కారకుండా మార్జిను వైపు కారాలని ఎడమ పక్కనే కోస్తారు. వడ్ల బండికి ఎవరూ అడుగున బెజ్జం పెట్టరు. పెడితే పొలం నుంచి మిల్లు దాకా గింజలు రాలుకుంటూ పోతాయి.

ఇక్కడ ఒక మాట సూటిగా రాస్తాను. ఆ మూలను మేము గుడివాడలోనే చూసి ఉండాల్సింది. పాత చేపల బండి కొనే మా వాళ్ళు ఎవరైనా మొట్టమొదట చూసేది ఆ మూలే. కాని వడ్ల బండి అన్నారు కనుక, వడ్ల వాళ్ళు చూసినట్లే చూశాం. గింజ ఒలిచి చూశాం. ఈ పొరపాటు మాదే అయినా, మా చేత దాన్ని చేయించినవారు వేరే ఉన్నారు.

బహుళ షష్ఠి నాడు రేకునూ పొలుసులనూ కాగితంలో చుట్టుకొని గుడివాడ వెళ్ళాం. ఆవరణలో కొనుగోలుదారులు ఉన్నారు. వ్యాపారి మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేవకుండానే, "ఏమ్మా, బండి బానే తిరుగుతుందా?" అన్నాడు. "గారు" పోయింది.

పొట్లం విప్పి బల్ల మీద పెట్టాను. "ఇది మీరు అమ్మిన వడ్ల బండిలో దొరికిన సరుకు."

ఆయన పొలుసుల వైపు చూసి, "ఇవి మీ ఇంట్లో లేనివా?" అన్నాడు.

"మరి బెజ్జం?"

"బండి కడుక్కోడానికి పెట్టుకుంటారమ్మా. కడిగాక మూసుకుంటారు."

"వెల్డింగు పెట్టి మూసుకుంటారాండీ, కడిగినప్పుడల్లా?" అంది నా మనవరాలు.

నిలబడ్డవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు మా వైపున్న నవ్వు. దానితో ఆయనకు కోపం వచ్చింది. లేచి నిలబడి, "చూడమ్మాయ్, వాసన బండిది కాదు, మీది. మీ వాళ్ళు ఎక్కితే ఏ బండైనా అంతే. షోరూము నుంచి కొత్త కారు తెచ్చుకో, రెండో రోజుకి అది చేపల తట్టే!" అన్నాడు. వాళ్ళే మళ్ళీ నవ్వారు. ఈసారి ఆయన వైపు.

ఎండ గోడ దిగలేదని చెప్పిన పిల్ల, దారిలో ఉన్న కాగితానికి జవాబు చెప్పిన పిల్ల, నేల వైపు చూసింది.

"ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టండి," అన్నాను.

"ఏ మాట?"

"ఇది వడ్ల బండి అన్న మాట ఒకటి. వాసన మాది అన్న మాట ఒకటి. రెండూ రాయండి. పదిమందిలో అన్నవాటిని రాయడానికి అభ్యంతరం ఉండదు కదా."

"రాతలూ సంతకాలూ ఎందుకులే పెద్దమ్మా, నోటిమాట చాలదా?"

"చాలితే అడగను."

ఆయన ఇంకొక కొనుగోలుదారుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మేము బయటికి వచ్చేశాం.

బండి పుస్తకంలో పాత యజమాని చిరునామా మొవ్వ అని ఉంది. అక్కడి నుంచే నేరుగా మొవ్వ వెళ్ళాం. ఆ రైతు పెద్దమనిషి. అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించారు, కాగితపు గ్లాసుల్లో. నేను అడిగినదానికి దాపరికం లేకుండా చెప్పారు.

"నా పేరునే ఉంది గాని తల్లీ, కొన్న రెండో ఏడే దాన్ని కోడూరు చెరువుల వాళ్ళకి అద్దెకిచ్చేశా. రొయ్యలు, చేపలు, ఐసు, అవే తిరిగాయి. వడ్లు ఎక్కడ మోసిందీ? మొదటి ఏడు నూర్పిళ్ళకి మోసిందేమో."

"ఆ మాట రెండు ముక్కలు రాసిస్తారా బాబూ?"

ఆయన చాలాసేపు కండువా సర్దుకున్నారు. "ఎట్టాగమ్మా? ఆ గుడివాడ ఆయన నాకు బావ వరస. రేపు పెళ్ళిళ్ళలో ఎదురుపడాల. నేను నీకు చెప్పాగా, అబద్ధం చెప్పలేదుగా."

అబద్ధం చెప్పలేదు. అది నిజం. కాని ఆయన నాకు చెప్పిన నిజం ఆయన అరుగు దిగి రాలేదు. నా సంఘంలో ఒక సభ్యురాలు ఒప్పుకుంటూ చెయ్యెత్తి, తరువాత సంతకం పెట్టనంటే, ఆమె మాటను లెక్కలోకి తీసుకునేవాళ్ళం కాదు. పెద్దమనుషులకు ఆ నియమం లేనట్లుంది. బావను నొప్పించకూడదన్న మర్యాద ఉంది. ఆ బావ నొప్పించిన పిల్ల ఎదురుగా మజ్జిగ తాగుతూ కూర్చుంటే, ఆ పిల్లకు చూపవలసిన మర్యాద ఏదీ లేదు.

లడ్డు దుకాణం యజమానికి ఇదంతా చెప్పాను. రేకు చూపించాను. ఆయన తలూపుతూ విన్నాడు. "నేను నమ్ముతున్నానమ్మగారూ. కాని అక్కడ గుడివాడ వాళ్ళు అనుకునేది వేరు. నేను చేపలోళ్ళ చేత లడ్లు పంపిస్తున్నానని అనుకుంటున్నారు. అది బండి వాసనేనని ఆ అమ్మినాయన చేత ఒక్క ముక్క రాయించుకు రండి. ఆ కాగితం వాళ్ళకి చూపిస్తా. బండి మార్చుకుందురు గాని, తొట్టి మార్పించుకుందురు గాని, దసరాకి మూడు దార్లూ అమ్మాయివే."

"రాయించలేకపోతే?"

ఆయన నా మొహం వైపు చూడకుండా, "నాది నోటితో ముడిపడిన వ్యాపారం గదండీ," అన్నాడు.

నన్ను బాధపెట్టిన మాట ఇదే. ఏడాదిగా ఆటోలో అదే పిల్ల అవే లడ్లు అవే దుకాణాలకు చేర్చింది. అప్పుడు ఏ పెట్టే తిరిగి రాలేదు. వాసన ఆ పిల్లదైతే ఆ ఏడాదంతా ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న ఆయనను అడిగాను. "నాకు తెలుసండీ, వాళ్ళకి ఎవరు చెప్తారు?" అన్నాడు. చెప్పవలసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషి ఏకాదశి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

ఈలోగా మా ఇంట్లో జరుగుతున్నది రాయాలి. నా మనవరాలు తన బట్టలు మా దొడ్లో, చేపలు ఎండేచోట ఆరేయడం మానేసింది. ఊరి చివర స్నేహితురాలి డాబా మీద ఆరేసుకొని, సంచిలో పెట్టుకొని తెచ్చుకుంటున్నది. నెత్తళ్ళ పులుసు అంటే ప్రాణం పెట్టే పిల్ల, "ఆకలి లేదు మామ్మా," అని కంచం ముందు నుంచి లేస్తున్నది. మొన్న నా పక్కన కూర్చొని, చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి, "నాకేమన్నా వాసనొస్తుందా మామ్మా?" అని అడిగింది.

"నన్నడిగితే నాకేం తెలుస్తదే?" అన్నాను.

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పడవల లెక్కలు, తూకాలు, ఐసు కర్మాగారాలతో తగాదాలు, ఎన్ని విషయాల్లో ఎంతమందికి జవాబు చెప్పానో. నా పక్కన కూర్చున్న పిల్ల ఒంటి వాసన గురించి మాత్రం నా మాటకు సాక్ష్యంగా విలువ లేదు. విలువ లేకుండా చేసింది నా ముక్కు కాదు, గుడివాడలో ఒక మనిషి తన అమ్మకంలోని మోసం దాచుకోవడానికి అన్న ఒక్క వాక్యం.

కొందరు పోలీసుల దగ్గరికి వెళ్ళమన్నారు. కొందరు వినియోగదారుల కోర్టు అన్నారు. అవి ఉండనే ఉన్నాయి. డబ్బు సంగతి వాటిలో తేలుతుంది. దసరా లోపల నాకు కావలసింది డబ్బు కాదు.

కనుక, గుడివాడ కన్సల్టెన్సీ యజమానిగారికి ఈ భాద్రపద శుద్ధ షష్ఠి నాడు తెలియజేయునది ఏమనగా:

మీరు మాకు అమ్మిన తెల్ల డీజిల్ పికప్పు మీ ఆవరణకు వచ్చేనాటికి ఏ సరుకు మోస్తూ ఉండెనో, ఎక్కడ తిరుగుతూ ఉండెనో రాయవలెను. తొట్టి వెనక ఎడమ మూల బెజ్జం మీద రేకు ఎవరు అతికించారో, దేనికి అతికించారో రాయవలెను. తొట్టిలో వడ్ల గింజలు ఎట్లు వచ్చెనో రాయవలెను. వాసన బండిది కాదు, మాది అని మీరు అన్నమాట నిజమని ఇప్పటికీ మీరు నమ్ముతున్నచో, ఆ మాటనే, అన్నది అన్నట్లుగా, రాసి సంతకం చేయవలెను. నమ్మనిచో, నమ్మడం లేదని రాసి సంతకం చేయవలెను. ఈ రెంటికీ మధ్య మూడో జవాబు నాకు అక్కరలేదు.

ఫోనులో చెప్పిన జవాబును గాని, మీ బావగారి ద్వారా పంపిన జవాబును గాని, రాజీకి రమ్మనే కబురును గాని జవాబుగా పరిగణించను. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి లోపల రిజిస్టరు పోస్టులో అందవలెను. జవాబు అందినచో దాని నకలు లడ్డు దుకాణం వారికిని, వారి గుడివాడ, పామర్రు దుకాణదారులకును నేనే స్వయంగా అందజేయుదును. అందనిచో, జవాబు అందలేదన్న సంగతిని, ఈ కాగితాలతో సహా, అదే విధంగా అందజేయుదును.

బండి నా మనవరాలిది. జవాబు ఆమె పేరున రాయవలెను. సంబోధనలో "గారు" ఉండవలెను.